ప్రైమరీల్లో పెద్ద నాయకుల మద్దతుకు ఎంత విలువ ఇవ్వాలి?

అమెరికా అధ్యక్ష ప్రైమరీలను (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలను) దగ్గరగా గమనించేవాళ్లు కాస్త వివరంగా చెప్తారా? గవర్నర్లు, సెనేటర్లు ఎవరి వెనక నిలబడితే పార్టీ టికెట్ వాళ్లకేనని చాలాచోట్ల చదివాను. పాత ఎన్నికలు తిరగేస్తే మాత్రం లెక్క కుదరట్లేదు.

2003 డిసెంబర్‌లో మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ అంతటివాడు డెమోక్రాటిక్ టికెట్ కోసం పోటీపడుతున్న హోవర్డ్ డీన్‌కి మద్దతు ప్రకటించాడు. మరుసటి నెలలోనే, తొలి పోటీ జరిగిన అయోవా రాష్ట్రంలో డీన్ మూడో స్థానానికి పడిపోయాడు. 2016లో రిపబ్లికన్ టికెట్ కోసం పోటీపడ్డ జెబ్ బుష్ దగ్గర పెద్ద పేర్లకు కొదవ లేదు. ట్రంప్ వైపు ఫిబ్రవరి చివరిదాకా పదవిలో ఉన్న ఒక్క గవర్నర్ గానీ, సెనేటర్ గానీ రాలేదు. చివరికి టికెట్ ఎవరికొచ్చిందో తెలిసిందే. 2024లో అయితే అయోవా గవర్నర్ కిమ్ రేనాల్డ్స్ స్వయంగా ట్రంప్‌కి పోటీగా దిగిన రాన్ డిశాంటిస్ పక్కన నిలబడినా, అక్కడ సగానికి పైగా ఓట్లు ట్రంప్ పట్టుకుపోయాడు.

మరి 2020 సంగతేంటి? ఫిబ్రవరి 26న సౌత్ కరోలినాలో పలుకుబడి ఉన్న డెమోక్రాటిక్ నాయకుడు జిమ్ క్లైబర్న్ బైడెన్‌కి మద్దతు ప్రకటించాడు, 29న సౌత్ కరోలినాలో బైడెన్ భారీ తేడాతో గెలిచాడు. ఓటేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ మద్దతు తమకు ముఖ్యమేనని ఎగ్జిట్ పోల్‌లో చెప్పారు. కానీ వాళ్లలో ముందే బైడెన్‌కి వెయ్యాలనుకున్నవాళ్లు ఎంతమందో! నన్ను తికమక పెడుతున్నది ఇదే. మద్దతు వల్ల బలం వస్తుందా, గెలిచే గుర్రాన్ని చూసుకునే నాయకులు ఎక్కుతారా?

ఈ రెండింటినీ విడదీసి చూసే పద్ధతి ఏదైనా ఉందా? ఎవరు ఏ తేదీన మద్దతిచ్చారో, అప్పటికి సర్వేలు ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టిన పట్టిక ఎక్కడైనా దొరుకుతుందా? 2004 నుంచి ఉన్నా చాలు.