చలికాలం ఎల్లోస్టోన్ తోడేళ్ల టూర్‌కి నాన్నను తీసుకెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మేం డల్లాస్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో గైడ్‌తో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోని లామార్ లోయకి వెళ్లి తోడేళ్లను చూడాలని ఉంది. అది వాటి జతకట్టే కాలం, తెల్లటి మంచు మీద దూరం నుంచైనా కనబడతాయట.

నాన్నకి 67 ఏళ్లు. చిన్నప్పుడు కల్యాణదుర్గం దగ్గర గొర్రెలు కాస్తూ తోడేళ్లను చూశారు. ఆ పార్కులో 1926 నాటికి తోడేళ్లను లేకుండా చేసి, మళ్లీ 1995, 96లో కెనడా నుంచి 31 తెచ్చి వదిలారని చెప్తే, "మందలో పడితే తరిమేవాళ్లం, వీళ్లు తెచ్చుకున్నారా!" అని ఎంతసేపు ఆశ్చర్యపోయారో. ఆయన కోసమే ఈ ప్రయాణం.

నా టెన్షన్ అంతా చలి గురించే. తెల్లవారకముందే బయల్దేరి, మైనస్ 20 డిగ్రీల్లో స్కోప్ (దూరంగా ఉన్నవాటిని చూసే దుర్భిణి) దగ్గర గంటలు నిలబడాల్సి రావచ్చంటున్నారు. ఆయనకి బీపీ ఉంది, డాక్టర్ మాత్రం సరేనన్నారు. మధ్యమధ్యలో వ్యాన్‌లో కూర్చోనిస్తారా? మంచు బూట్లు అద్దెకి దొరుకుతాయా? ఒక్కరోజు చాలా, మూడు రోజులు పెట్టుకోవాలా? చలికాలంలో పార్కులో కార్లకి గార్డినర్, కుక్ సిటీ అనే ఊళ్ల మధ్య దారి ఒక్కటే తెరిచి ఉంటుంది కాబట్టి గార్డినర్‌లోనే గది తీసుకుందామనుకుంటున్నాం. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.