చర్చ: సర్కారు కాలేజీ పరిశోధనను కంపెనీకి ఇవ్వొచ్చా?

మద్దిలపాలెం విద్యార్థిని:
ప్రజల పన్నులతో చేసిన పరిశోధనకు పేటెంటు తీసుకుని ఒక కంపెనీ చేతిలో పెట్టడం నాకు నచ్చదు. ఇన్సులిన్ పేటెంటును దాన్ని కనిపెట్టిన బాంటింగ్ బృందం 1923లో టొరంటో విశ్వవిద్యాలయానికి తలా 1 డాలరుకే ఇచ్చేసింది. మనవాళ్లూ పరిశోధన పత్రం ప్రచురించి వదిలేస్తే పోలా? కావలసినవాళ్లు తయారుచేసుకుంటారు.

గాజువాక ఇంజినీర్:
అమ్మా, ఆ కథ అక్కడితో ఆగలేదు. టొరంటో వాళ్లు పేటెంటు తమ దగ్గరే ఉంచుకుని, అమెరికాలోని లిల్లీ మందుల కంపెనీ చేత పెద్ద ఎత్తున ఇన్సులిన్ తయారు చేయించారు. పేటెంటు లేకపోతే ఎవరో ఒకరు దాన్ని సొంతం చేసుకుంటారని వాళ్ల భయం.

"కావలసినవాళ్లు చేసుకుంటారు" అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ గుండె కవాటం చేసింది. మొదటి మూడు నమూనాలు పనికిరాలేదు. నాలుగోది 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. టీటీకే కంపెనీ తయారీకి దిగింది కాబట్టే అది ఇన్ని వేలమందికి చేరింది. మా కాలేజీలో మేము పసిపిల్లల ఒంటి వేడి చూసే చిన్న పరికరం చేశాం. వార్డులో బాగానే పనిచేసింది. ఆ తర్వాత కరెంటు భద్రత పరీక్ష, చర్మానికి పడుతుందో లేదో పరీక్ష, లైసెన్సు కాగితాలు. వైద్య పరికరాలు తయారుచేసే మన విశాఖ మెడ్‌టెక్ జోన్‌లోనే ల్యాబులు ఉన్నాయి, దూరం పోనక్కర్లేదు. కానీ ఫీజులకు గ్రాంటు చాలలేదు. రెండేళ్లుగా పరికరం బీరువాలోనే ఉంది. దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అక్కయ్యపాలెం వాసి:
ఇంజినీరుగారూ, తయారైతే సరిపోతుందా అండీ? 2015లో మా నాన్నగారికి స్టెంటు వేశారు. బిల్లు కట్టడానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం పరిమితి పెట్టాక మందు పూసిన స్టెంటు గరిష్ఠ ధర 29,600 రూపాయలకు దిగింది. ఆ పరిమితి రెండేళ్లు ముందు వచ్చి ఉంటే గాజులు మిగిలేవి. కంపెనీకి ఇవ్వండి, వద్దనను. ధర మాత్రం ముందే రాయించుకోండి.

గాజువాక ఇంజినీర్:
మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పసిపిల్లల విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ టీకాకు మూలమైన వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లోని పసిపిల్లల్లో దొరికింది. భారత్ బయోటెక్ ఆ టీకాను డోసు 1 డాలరుకే ఇస్తామని ముందే చెప్పింది. మా కాలేజీ ఒప్పందంలోనూ సర్కారు ఆసుపత్రులకు ఇచ్చే ధర, మూడేళ్లలో తయారుచేయకపోతే హక్కు తిరిగి రావడం, ఈ రెండూ ఉండాలని పట్టుబడుతున్నాను. సోమవారం కాలేజీ కమిటీ ముందు ఇదే చెప్తాను. అమ్మా విద్యార్థినీ, ఇంకేం అడగాలో మీరూ రాయండి.