పొడుగు చూసి క్లాజ్ అనేయకండి

ఇంగ్లీష్ గ్రామర్‌లో మాటల గుంపు పెద్దగా ఉంటే క్లాజ్, చిన్నగా ఉంటే ఫ్రేజ్ అని ఒకరు రాశారు, ఆ లెక్క అసలు పనికిరాదండీ. "గో!" అనే ఒక్క మాట క్లాజే, యూ అనే సబ్జెక్ట్ లోపలే ఉంది. "ఇన్ ద లాస్ట్ రూమ్ ఆఫ్ ద ఓల్డ్ బిల్డింగ్ బిహైండ్ ద లైబ్రరీ" అని ఎంత సాగదీసినా ఫ్రేజే.

చూడాల్సింది టెన్స్ చూపించే వెర్బ్, దానికో సబ్జెక్ట్. ఈ రెండూ ఉంటే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్. ఊరికే వెర్బ్ ఉందా అని చూస్తే మాత్రం బోల్తా పడతాం. "ద బాయ్ సిట్టింగ్ నియర్ ద విండో" తీసుకోండి, నిన్న కూర్చున్నా ఇవాళ కూర్చున్నా సిట్టింగ్ మారదు, కాబట్టి ఫ్రేజ్, అదే "హూ ఈజ్ సిట్టింగ్ నియర్ ద విండో" అంటే నిన్నటికి ఈజ్ పోయి వాజ్ వస్తుంది, హూ సబ్జెక్ట్, కాబట్టి క్లాజ్. మన సమాపక, అసమాపక క్రియలు గుర్తున్నవాళ్ళకి ఇది తొందరగా ఎక్కుతుంది. కానీ తెలుగులోకి మార్చి తేల్చుకుందాం అనుకోకండి, రెండిటికీ మనం "కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయి" అనే అంటాం కదా.

మొదటి మాట చూసి చెప్పేయడం ఇంకో అలవాటు. "బిఫోర్ ద ఎగ్జామ్" ఫ్రేజ్, "బిఫోర్ ద ఎగ్జామ్ స్టార్ట్స్" క్లాజ్. ఆఫ్టర్, సిన్స్, అన్‌టిల్ కూడా అంతే. "ద బుక్ ఐ బాట్ వాజ్ గుడ్"లో ఐ బాట్ క్లాజే, దట్ మింగేశారు అంతే.

— మరి "టు విన్ ద మ్యాచ్"ని మా పాప ఆన్‌లైన్ క్లాస్‌లో నాన్‌ఫైనైట్ క్లాజ్ అన్నారండీ, స్కూల్లో ఫ్రేజ్ అంటున్నారు, ఏది రైటు?

— రెండూ రైటేనండీ, ఎవరి గ్రామర్ వాళ్ళది. పాత స్కూల్ గ్రామర్‌లో ఫైనైట్ వెర్బ్, అంటే టెన్స్ చూపించే వెర్బ్, లేకపోతే ఫ్రేజే. 1985లో క్వర్క్ వాళ్ళు రాసిన పెద్ద గ్రామర్, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన కేంబ్రిడ్జ్ గ్రామర్ ఇలాంటివాటిని నాన్‌ఫైనైట్ క్లాజ్ అంటాయి, విన్ తన ఆబ్జెక్ట్‌ని వెంటేసుకునే ఉంది, గెలవాల్సింది ఎవరో కూడా వాక్యాన్నిబట్టి తెలిసిపోతుంది అని వాళ్ళ వాదన. నాకు అదే నచ్చుతుంది, కానీ పాప స్కూల్ పరీక్షకి మాత్రం ఫ్రేజ్ అనే రాయమనండి, లేకపోతే మార్కు పోతుంది.