కాంట్రాక్టులో ‘ఆంక్షలు’ అంటే ఎవరి చట్టం? పేర్లన్నీ రాయాలా, ‘వర్తించే చట్టం’ అంటే చాలా? (నలుగురి చర్చ; ప్రతి మాటకు ముందున్నది రాసినవాళ్ళ మారుపేరు)

ముసాయిదా
హైదరాబాద్ కంపెనీ జర్మన్ కొనుగోలుదారుకు బల్క్ డ్రగ్స్ అమ్ముతోంది, చెల్లింపు డాలర్లలో అనుకుందాం. అవతలివాళ్ళ డ్రాఫ్టులో సాధారణంగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ‘ఆంక్షలు అంటే ఐక్యరాజ్య సమితి, అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్ లేదా సంబంధిత మరే అధికార సంస్థ అయినా ఎప్పటికప్పుడు విధించే ఆర్థిక, వాణిజ్య నిబంధనలన్నీ.’

అమ్మకందారు దీనికి సంతకం చేయకూడదని నా వాదన. ఇతర దేశాలు ఏకపక్షంగా విధించే ఆంక్షలను భారత్ గుర్తించదు. భద్రతా మండలి తీర్మానాలను మాత్రం 1947 నాటి ఐక్యరాజ్య సమితి (భద్రతా మండలి) చట్టం కింద ఇక్కడ అమలు చేస్తారు. వాషింగ్టన్ జాబితాలో కొత్త పేరు చేరినంత మాత్రాన ఇక్కడి కంపెనీ ఒప్పందం ఉల్లంఘించినట్టు ఎందుకవ్వాలి? ‘ఆ పక్షానికి వర్తించే చట్టం’ అంటే సరిపోదా?

ట్రేడ్ డెస్క్
సరిపోదండీ, కొంప ముంచేది ఆ మాటే. ‘వర్తించే’ అంటే ఏమిటో తేలేది కోర్టులోనే. లమేసా, సినర్జీ బ్యాంకు కేసు చూడండి. లండన్ బ్యాంకు 3 కోట్ల పౌండ్ల అప్పు మీద వడ్డీ ఆపేసింది. అప్పిచ్చిన కంపెనీ వెనకున్న రష్యా వ్యాపారి విక్టర్ వెక్సెల్‌బర్గ్‌ను 2018 ఏప్రిల్‌లో అమెరికా జాబితాలో చేర్చింది. ఒప్పందంలో అమెరికా పేరే లేదు, ‘తప్పనిసరి చట్ట నిబంధన’ అని మాత్రం ఉంది. అమెరికా సెకండరీ ఆంక్షలు (జాబితాలోని వాళ్ళతో వ్యవహరించే ఇతర దేశాల వాళ్ళ మీద పెట్టేవి) కూడా అందులోకే వస్తాయని 2020లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తేల్చింది. పేరు రాయకపోతే తప్పించుకోవచ్చనుకోవడం భ్రమ.

పైగా డాలరు చెల్లింపు న్యూయార్క్ కరస్పాండెంట్ బ్యాంకు (మన బ్యాంకు తరఫున అక్కడ డబ్బు చేరవేసేది) మీదుగా వెళ్తుంది. మీ ఒప్పందం ఏమన్నా ఆ బ్యాంకుకు ఓఫాక్ (అమెరికా ఆర్థిక శాఖలో ఆంక్షలు చూసే విభాగం) నిబంధన తప్పదు, డబ్బు అక్కడే ఆగుతుంది. కాబట్టి పేర్లు రాయండి. ‘సంబంధిత మరే అధికార సంస్థ’ అన్న ముక్క మాత్రం కొట్టేయండి. రేపు మాస్కో పెట్టే ఎదురు ఆంక్షలు కూడా అందులోకే వస్తాయని ఎవరైనా వాదించవచ్చు.

తెల్లకాగితం
ట్రేడ్ డెస్క్ గారు చెప్పింది సగం నిజం. ఈ డ్రాఫ్టు జర్మన్ పక్షానికే చిక్కు. వాళ్ళ విదేశీ వాణిజ్య నియమావళి 7వ సెక్షన్ ప్రకారం జర్మనీలోని కంపెనీ వేరే దేశం పెట్టే బహిష్కరణలో చేరతానని ప్రకటించకూడదు. సమితి, ఐరోపా సమాఖ్య, జర్మనీ విధించినవాటికే మినహాయింపు. దానికి తోడు ఐరోపా బ్లాకింగ్ చట్టం (2271/96) ఇరాన్, క్యూబాల మీద అమెరికా పెట్టిన కొన్ని ఆంక్షలకు లోబడొద్దంటుంది. అందుకే అనుభవమున్న జర్మన్ వకీళ్ళు ‘ఈ హామీ సెక్షన్ 7ను, బ్లాకింగ్ చట్టాన్ని ఉల్లంఘించనంత మేరకే’ అని తోక తగిలిస్తారు. ఆ తోక లేదంటే నమూనాను ఎక్కడినుంచో ఎత్తేశారన్నమాట.

తమాషా ఏమిటంటే, కొండవీటి చాంతాడంత ఆ జాబితాలో భారత్ పేరే లేదు. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం షెడ్యూళ్ళలోని పేర్లతో లావాదేవీ జరిపితే ఇక్కడ నేరం. అమ్మకందారు ముందు చేర్చుకోవాల్సింది అది.

యాభై శాతం
‘ఆంక్షలు’ నిర్వచనం గురించి కొట్టుకుంటూ ‘ఆంక్షల్లో ఉన్న వ్యక్తి’ నిర్వచనాన్ని అందరూ వదిలేశారు. అసలు గొడవలు పుట్టేది అక్కడ.

గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నయారా ఎనర్జీది. అందులో రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్ వాటా 49.13 శాతం. 2025 జూలై 18న ఐరోపా సమాఖ్య నయారానే నేరుగా జాబితాలో చేర్చింది, అక్టోబర్‌లో బ్రిటన్ కూడా. అదే నెల 22న అమెరికా రోస్‌నెఫ్ట్ మీద ఆంక్షలు పెట్టింది. ఓఫాక్ లెక్కలో జాబితాలో ఉన్నవాళ్ళందరి వాటాలు కలిపి 50 శాతమో అంతకు మించో ఉంటేనే కింది కంపెనీకి అంటుతుంది. 49.13 ఒక్కటే అయితే అంటదు. అదే బ్రిటన్‌లో వాటా తక్కువైనా ‘నియంత్రణ’ ఉంటే చాలు. అంటే అప్పటికి ఒకే కంపెనీ లండన్‌కు నిషిద్ధం, ఓఫాక్ వాటా లెక్కకు కాదు, ఢిల్లీకి అసలే కాదు. ‘ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ సంబంధమున్న’ అని రాస్తే ఏ లెక్క వాడాలి? ఏ దేశపు జాబితాకు ఆ దేశపు వాటా నియమమే వర్తిస్తుందని స్పష్టంగా రాయాలి.

ముసాయిదా
వాటా సంగతి ఒప్పుకుంటాను. పేర్లు రాసినా, క్లాజు ఎప్పుడు వాడుకోవచ్చో బిగించకపోతే ఏం లాభం? ‘ఆంక్షలకు గురికావచ్చు’ అని ఉంటే, ధర పడిపోయిన రోజున కొనుగోలుదారుకు అదే సాకవుతుంది.

ట్రేడ్ డెస్క్
ఇది ఒప్పుకోవాల్సిందే. ఇరాన్ వెళ్ళిన ఉక్కు బీమా కేసులో (మమాంకోషే, 2018) లండన్ కోర్టు అన్నది అదే: ‘గురి చేస్తుంది’ అంటే చెల్లింపు నిజంగా నిషిద్ధమై ఉండాలి, భయం చాలదు. ఆంక్ష ఉన్నంతకాలం బాధ్యత ఆగుతుందే తప్ప రద్దు కాదు. మీరు ‘గురికావచ్చు’ అని రాసుకుంటే మాత్రం ఆ రక్షణ పోతుంది. ‘అంతర్గత విధానాల ప్రకారం’ అన్న మాట అంతకన్నా ప్రమాదం. బ్యాంకు ఎల్సీలో (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఆ మాట ఉంటే అది పేరుకే రద్దు చేయరాని ఎల్సీ.

తెల్లకాగితం
ప్రత్యామ్నాయ కరెన్సీని కూడా ఒప్పందంలోనే రాయాలి. ఎంయూఆర్ షిప్పింగ్, ఆర్‌టీఐ కేసులో ఓడ అద్దెకు తీసుకున్నవాళ్ళు యూరోల్లో ఇస్తాం, మార్పిడి ఖర్చూ మాదే అన్నా ఓడ యజమాని ఒప్పుకోలేదు. ఒప్పందంలో డాలర్లని ఉంటే ‘సమంజసమైన ప్రయత్నం’ పేరుతో యూరోలు పుచ్చుకోమని బలవంతం చేయలేరని 2024 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ‘డాలరు చెల్లింపు ఆగితే 10 పనిదినాల్లో యూరోల్లో, ఫలానా రోజు రేటుకు’ అన్న ఒక్క వాక్యంతో పోయే గొడవ.

ముసాయిదా
అయితే నా సవరణ ఇది: ‘సమితి, భారత్, ఐరోపా సమాఖ్య ఆంక్షలు, డాలరు చెల్లింపుల మేరకే అమెరికావి. చెల్లింపు లేదా సరఫరా నిషిద్ధమైతేనే వర్తిస్తుంది. 90 రోజులు నిలుపుదల, ఆ తర్వాతే రద్దు.’ ‘ఎప్పటికప్పుడు’ అన్న మాట తీసేసి సంతకం నాటి జాబితాకే కట్టుబడాలి.

యాభై శాతం
ఆ చివరి మాట నిలవదు. సంతకం తర్వాత వచ్చిన ఆంక్షను మీ ఒప్పందం పట్టించుకోకపోయినా బ్యాంకు పట్టించుకుంటుంది. ‘ఎప్పటికప్పుడు’ ఉంచండి, ‘మేం ఆంక్షల్లో లేం’ అన్న హామీని మాత్రం సంతకం నాటికి పరిమితం చేయండి. తర్వాత వచ్చే మార్పు నిలుపుదలకే దారి తీయాలి, నష్టపరిహారానికి కాదు.

ఐరోపా నుంచి కొనేవాళ్ళ సంగతి వేరు. ఆదిభట్లలో విమాన విడిభాగాలు తెప్పించేవాళ్ళకు ‘రష్యాకు తిరిగి ఎగుమతి చేయం’ అన్న క్లాజు 2024 మార్చి 20 నుంచి ఐరోపా ఎగుమతిదారులు పెట్టి తీరాలి (ఐరోపా నిబంధన 833/2014, 12జీ అధికరణ). దాన్ని కొట్టేయమని బేరమాడి లాభం లేదు, బేరమంతా జరిమానా అంకె మీదే. భారత చట్టం వర్తించే ఒప్పందమైతే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసిన అంకె గరిష్ఠ పరిమితే, దక్కేది సమంజసమైన పరిహారం. జర్మన్ చట్టం వర్తిస్తే మీకు ఆ సెక్షన్ అండ ఉండదు.

ముసాయిదా
హామీ సంతకం నాటికి, నిలుపుదల ఎప్పటికప్పుడు. సరే. ఆ 90 రోజులు రేవులో పడే డెమరేజ్ (ఆలస్యపు రుసుము) ఎవరిది?

ట్రేడ్ డెస్క్
ఎవరి వైపు ఆంక్ష తగిలిందో వాళ్ళది. ఇద్దరి వల్లా కాకుండా మధ్యలో బ్యాంకు ఆపితే చెరి సగం. అది కూడా రాసుకోవాల్సిందే.