‘బ్యాటిల్ గ్రౌండ్’ చదివిన తరువాత: మర్ఫీ మరణం ఎందుకు ఇంతగా మింగుడు పడడం లేదు?

ప్రశ్న: ఆబిడ్స్‌ఆదివారం (నవంబరు 2020)

జిమ్ బుచర్ రాసిన మాంత్రిక నవలల సిరీస్ ‘డ్రెస్డెన్ ఫైల్స్’ పదిహేడు పుస్తకాలూ పూర్తి చేయనివారు ఇక్కడితో ఆగవలసిందిగా మనవి. కథ దాచి మాట్లాడే ఓపిక ప్రస్తుతం నాకు లేదు.

ఈ సిరీస్ నా చేతికి మధ్యలో నుంచి వచ్చింది. ఆబిడ్స్‌లో ఆదివారం మూసి ఉన్న దుకాణాల ముందు పరిచే పాత పుస్తకాల్లో, వెనుక అట్ట సగం చిరిగిన ఏడవ పుస్తకం ‘డెడ్ బీట్’ దొరికింది. టెలిఫోన్ డైరెక్టరీ పసుపు పేజీల్లో మాంత్రికుల శీర్షిక కింద తన ఒక్కడి పేరే వేయించుకుని షికాగోలో కాలం గడిపే హ్యారీ డ్రెస్డెన్, ఆ పుస్తకం చివరలో మ్యూజియంలోని డైనోసార్ అస్థిపంజరానికి ప్రాణం పోసి దాని మీద ఎక్కి ఊరేగుతాడు. ఆ రాత్రి నుంచి జిమ్ బుచర్‌కు నేను బందీని. 2014లో ‘స్కిన్ గేమ్’ వచ్చిన తరువాత ఆరేళ్ళు ఎదురుచూశాను. ఈ జులై 14న ‘పీస్ టాక్స్’, సెప్టెంబరు 29న ‘బ్యాటిల్ గ్రౌండ్’ వచ్చాయి. రెండోదాన్ని దసరా సెలవుల్లో రెండు రాత్రుల్లో ముగించాను.

కారిన్ మర్ఫీ చనిపోవడం గురించే నా బాధ. పోలీసు ఉద్యోగాన్ని, హోదాను, చివరకు మోకాలిని, భుజాన్ని కూడా హ్యారీ పక్కన నిలబడినందుకు పోగొట్టుకున్న మనిషి ఆమె. యుద్ధంలో ఎవరో ఒకరు పోక తప్పదని ‘పీస్ టాక్స్’ చివర ఎత్నియు అనే టైటన్, పురాతన కాలపు మహాశక్తి, షికాగో మీద యుద్ధానికి దిగినప్పుడే మనస్సు సిద్ధపడింది. దెబ్బలు మానని శరీరంతో వచ్చి, భుజాన పెట్టుకుని పేల్చే ఆయుధంతో ఒక యోటున్ రాక్షసుణ్ణి పడగొట్టిన మరుక్షణమే ఆమె ప్రాణం పోయినా సరే అనుకునేదాన్ని. కానీ చంపింది రాక్షసుడు కాదు, టైటన్ కాదు. భయంతో చేతులు వణుకుతున్న రుడాల్ఫ్ అనే పోలీసు చేతిలో తుపాకీ పేలి ఆమె పోయింది. అది చాలదన్నట్టు, యుద్ధం ముగిసీ ముగియగానే, కన్నీళ్ళయినా ఆరక ముందే, హ్యారీ కొలువు చేసే ఫెయిరీల రాణి మాబ్ అతనికి వ్యాంపైర్ లారా రెయిత్‌తో పెళ్ళి నిశ్చయించినట్టు ప్రకటిస్తుంది.

పదిహేను పుస్తకాల పాటు వారిద్దరూ ఎప్పుడు ఒకటవుతారా అని ఎదురుచూసి, పదహారో పుస్తకంలో అది చూసి సంతోషించి, పదిహేడులో ఇది చదవవలసి వచ్చింది. అభిమానుల చర్చల్లో సగం మంది ఇదే సిరీస్‌లో అత్యుత్తమమంటున్నారు, సగం మంది ఇక ఈ సిరీస్ చదవబోమంటున్నారు. నాకు అసలు కోపం దేని మీదో నాకే స్పష్టంగా లేదు. రెండు పుస్తకాలనూ కలిపి మళ్ళీ చదివినవారెవరైనా ఉంటే, ఆ చదువులో ఈ మరణం వేరేగా కనిపించిందేమో చెప్పగలరా?

జవాబు 1: సరస్సుగట్టు

నేను కలిపి చదివాను. షికాగోకు గంట దూరంలో ఉంటాను కనుక ఊరి సంగతి కూడా కొంత చెప్పవలసి వస్తుంది, ఓర్చుకోండి.

రచయిత ఈ రెండింటినీ మొదట ఒకే పుస్తకంగా తలపెట్టారు, పరిమాణం పెరిగిపోవడంతో రెండుగా విడగొట్టారు. మీ కోపంలో పెద్ద భాగం ఈ విడగొట్టడం వల్ల పుట్టినదేనని నా అభిప్రాయం. రెండు పుస్తకాల మధ్య 77 రోజులు గడిచాయి. ఆ రోజుల్లో మనమందరం హ్యారీ, మర్ఫీల కాపురాన్ని మనసులో ఎంత దూరం నడిపించామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కథలో వారికి దొరికింది మాత్రం చాలా కొద్ది గంటలు. ఏకబిగిన చదివితే ప్రేమ ఘట్టానికీ మరణానికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు, ఉండకూడదన్నదే రచయిత ఉద్దేశం అనిపిస్తుంది. జులైలో ‘పీస్ టాక్స్’ సగంలో తెగిపోయిందని తిట్టినవారిలో నేనూ ఉన్నాను. ఇప్పుడు చూస్తే, దానిని విడి నవలగా అమ్మడమే అసలు పొరపాటు.

ఇక ఊరి విషయం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరు వచ్చినా మా కార్యక్రమం ఒకటే: పొద్దున అరోరా బాలాజీ గుడి, మధ్యాహ్నం మిలీనియం పార్కులో ‘బీన్’ దగ్గర ఫోటో. ముంబయిలో పుట్టిన అనీశ్ కపూర్ చేసిన ఆ చిక్కుడుగింజ ఆకారపు ఉక్కు శిల్పం బరువు దాదాపు వంద టన్నులు. దాని వంపులో మా అత్తగారి మొహం సాగిపోయి కనిపిస్తే ఆవిడ పగలబడి నవ్వారు. బుచర్ తన యుద్ధాన్ని తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టాడు. ఆయన మిస్సోరిలో పుట్టి పెరిగినవాడు. షికాగో వీధుల విషయంలో మొదటి పుస్తకాల్లో ఆయన చేసిన తప్పులు పట్టుకుని ఇక్కడివారు ఇప్పటికీ నవ్వుకుంటారు. అయినా, కరెంటు పోయి చీకటైన ఊళ్ళో మామూలు జనం ఆ ఉక్కు గింజ చుట్టూ నిలబడి పోరాడిన పుటలు చదువుతున్నప్పుడు నాకు వీధుల లెక్క గుర్తుకు రాలేదు.

మీరు చెప్పిన డైనోసార్ పేరు సూ. ఫీల్డ్ మ్యూజియం 1997లో వేలంలో 83.6 లక్షల డాలర్లకు కొన్నది. 2018లో దానిని కింది పెద్ద హాలు నుంచి తీసి పై అంతస్తులో సొంత గదికి మార్చారు. ‘డెడ్ బీట్’లో ఊరు హ్యారీకి ఆటస్థలం. ఈ పుస్తకంలో అదే ఊరు శవాల దిబ్బ. మర్ఫీ ఆ మృతుల్లో ఒకరు, మనకు పేరు తెలిసినవారు. ఆమె మరణాన్ని వేల మంది మరణం నుంచి విడదీసి, ఆమెకు ప్రత్యేకంగా ఒక గొప్ప ముగింపు ఇచ్చి ఉంటే, నాకు అది అన్యాయంగా తోచేది.

జవాబు 2: చెవులతోచదివేవాడు

నేను ఈ సిరీస్‌ను కాగితం మీద ఎన్నడూ చదవలేదు. జేమ్స్ మార్‌స్టర్స్ గొంతులో ఆడియో పుస్తకాలుగా వింటాను. ‘ఘోస్ట్ స్టోరీ’ని మొదట జాన్ గ్లోవర్ చదివితే శ్రోతలు ఒప్పుకోకపోవడం, తరువాత మార్‌స్టర్స్ చేతనే మళ్ళీ చదివించడం ఈ అభిమానుల పట్టుదలకు ఒక గుర్తు.

మర్ఫీ ఘట్టం వచ్చినప్పుడు రాత్రి పదిన్నరకు మేడ మీద నడుస్తున్నాను. నీళ్ళ ట్యాంకు పక్కన ఆగిపోయి అలాగే నిలబడ్డాను. తుపాకీ పేలిన తరువాత మార్‌స్టర్స్ గొంతు పెంచడు, తగ్గిస్తాడు. హ్యారీకి ఏమి జరిగిందో ఇంకా అర్థం కాలేదని ఆ తగ్గడంలోనే తెలిసిపోతుంది. పుటలో అది మీకు తొందరగా జరిగినట్టు అనిపించి ఉండవచ్చు.

రుడాల్ఫ్ విషయంలో మాత్రం మీతో పూర్తిగా విభేదిస్తాను. ఆమె వృత్తి పోలీసు. కంటికి కనబడని పిశాచాలను ఎదుర్కోవడానికి ఆమె హ్యారీని పిలిచేది, కానీ ఆమె జీవితమంతా కష్టపెట్టింది మాత్రం తన శాఖలోని పిరికితనమే. ఉన్నది లేదని బుకాయించి, లేనిది చూసి భయపడే రుడాల్ఫ్ ఎన్నో పుస్తకాల నుంచి ఆమె వెంటే ఉన్నాడు. టైటన్ చేతిలో పోయి ఉంటే మనం చప్పట్లు కొట్టి పుట తిప్పేవాళ్ళం.

పైగా ఆ తరువాతి ఘట్టం గురించి ఎవరూ మాట్లాడడం లేదు. హ్యారీ రుడాల్ఫ్‌ను చంపడానికి వెంటపడతాడు. అడ్డు నిలిచింది అతని స్నేహితులే, సాన్యా, బటర్స్. ‘డెడ్ బీట్’లో అస్థిపంజరం కదలడానికి పోల్కా డోలు వాయిస్తూ భయంతో బిక్కచచ్చిన ఆ శవపరీక్షల డాక్టరే ఈ బటర్స్. ఇప్పుడు చేతిలో కత్తి పట్టుకుని, తనకంటే ఎంతో ఎత్తయిన స్నేహితుడికి ఎదురు నిలిచాడు. నాకు ఈ పుస్తకం మొత్తంలో గుండె ఆగింది అక్కడ.

జవాబు 3: కారెంపూడికోడలు

పై ఇద్దరూ చక్కగా రాశారు, కానీ ఒక విషయాన్ని పక్కకు నెట్టారు. హ్యారీ ప్రేమించిన స్త్రీలకు ఈ సిరీస్‌లో ఏమి జరిగిందో వరుసగా చూడండి. 2010లో వచ్చిన ‘ఛేంజెస్’లో సుసాన్ రోడ్రిగెజ్ హ్యారీ చేతుల్లోనే, హ్యారీ చేతులతోనే బలి అయింది. అక్కడ ఆ నిర్ణయంలో ఆమెకు భాగం ఉంది, అందుకే అది ఇప్పటికీ చదవగలుగుతున్నాను. మర్ఫీకి తన మరణంలో నిర్ణయం అన్నదే లేదు. నాయకుడికి కొత్త దుఃఖం, కొత్త కోపం కావలసివచ్చినప్పుడల్లా అతని పక్కనున్న స్త్రీని తప్పించడం ఒక రచనా అలవాటుగా మారితే, అది ఎంత నైపుణ్యంతో రాసినా అలవాటే. ‘యుద్ధంలో ఎవరైనా పోతారు’ అన్న సమాధానం దీనికి చాలదు. ఎవరు పోవాలో నిర్ణయించేది యుద్ధం కాదు కదా, రచయిత.

ఇంత అన్న తరువాత, నన్ను పట్టి ఉంచిన ఒక చిన్న విషయం కూడా చెప్పాలి. మర్ఫీని గార్డ్ అనే వాల్కైరీ తీసుకువెళ్ళి, నార్స్ పురాణాల వీరస్వర్గమైన వల్హల్లా వీరుల్లో చేర్చుతుంది. మా అత్తవారి ఊళ్ళో వీరుల గుడి ఉంది, కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది, కనుక వీరస్వర్గం అన్న మాట నాకు కొత్త కాదు. అయితే మన దగ్గర వీరగల్లు నిలిపేది పోయినవారిని మరచిపోకుండా ఉండడానికి. ఇక్కడ షరతు తలకిందులుగా ఉంది: ఆమెను ఎరిగినవారి జ్ఞాపకంలో ఆమె ఉన్నంతకాలం మర్ఫీ ఈ లోకానికి తిరిగి రాలేదు. అంటే హ్యారీ ఆమెను తలచుకున్న ప్రతిసారీ ఆమె రాకను తానే వాయిదా వేస్తున్నాడన్న మాట, పైగా మాంత్రికులు వందల ఏళ్ళు బతుకుతారు! ఈ షరతును రచయిత రాబోయే పుస్తకాల్లో నిజంగా వాడుకుంటే నా అభ్యంతరాల్లో సగం వెనక్కి తీసుకుంటాను. మళ్ళీ రప్పించడానికి దొడ్డిదారిగా వాడుకుంటే మాత్రం పుస్తకం అక్కడే మూసేస్తాను.

జవాబు 4: ఆబిడ్స్‌ఆదివారం

అందరికీ కృతజ్ఞతలు. కోడలు గారు చెప్పిన షరతు నేను చదివాను కానీ, ఏడుపులో దాని అర్థం పట్టించుకోలేదు. సరస్సుగట్టు గారి మాట విని ‘పీస్ టాక్స్’ మళ్ళీ మొదలుపెట్టాను. రుడాల్ఫ్ గురించి చెవులతోచదివేవాడు గారు రాసినది ఒప్పుకుంటున్నాను. పెళ్ళి నిశ్చయం విషయంలో మాత్రం ఎవరూ నన్ను సమాధానపరచలేదు. మాబ్‌కు మనుషుల దుఃఖం తెలియదంటే సరే, అది ఆమె స్వభావం. కానీ హ్యారీకి కూడా ఏడవడానికి పుటలు మిగల్చకపోవడం రచయిత చేసిన పని. చివర చేర్చిన ‘క్రిస్మస్ ఈవ్’ కథ 2018లోనే రచయిత వెబ్‌సైటులో ఉచితంగా చదివినది కనుక, దానిని ఆ దుఃఖం లెక్కలో నేను వేయను.

జవాబు 5: కొత్తసభ్యుడు

హెచ్చరిక చూడకుండా మొత్తం చదివేశాను, తప్పు నాదే. ఇంతా తెలిసిపోయిన తరువాత మొదటి నుంచి చదవడంలో అర్థం ఉందా?

జవాబు 6: చెవులతోచదివేవాడు

ఉంది. 2000లో వచ్చిన ‘స్టార్మ్ ఫ్రంట్’తో మొదలుపెట్టండి. మొదటి రెండూ కొంచెం సాదా డిటెక్టివ్ కథల్లా నడుస్తాయి, మూడో పుస్తకం ‘గ్రేవ్ పెరిల్’ దాకా ఓపిక పట్టండి. మర్ఫీ మొదట్లో హ్యారీని ఎంత అనుమానిస్తుందో చూస్తే మేము ఇక్కడ ఎందుకు కొట్టుకుంటున్నామో తెలుస్తుంది.

జవాబు 7: సరస్సుగట్టు (ఫిబ్రవరి 2026)

అయిదేళ్ళ పాత చర్చను పైకి తెస్తున్నందుకు మన్నించండి. పద్దెనిమిదవ పుస్తకం ‘ట్వెల్వ్ మంత్స్’ జనవరి 20న వచ్చింది. ఇక్కడ మంచు కురుస్తుండగా చదవడం ముగించి, మొదట ఈ చర్చే వెతికాను.

ఆబిడ్స్‌ఆదివారం గారూ, మీరు అడిగిన పుటలు ఇవే. ‘బ్యాటిల్ గ్రౌండ్’ దాదాపు ఒకే రాత్రి కథ అయితే, ఇది పేరుకు తగ్గట్టు ఒక ఏడాది కథ. కరెంటు ఇంకా రాని షికాగో, మనుషులను వేటాడే గూల్‌లు, ప్రాణం మీదికి వచ్చిన అన్న థామస్, మెడ మీద లారా పెళ్ళి, వీటన్నిటి మధ్య పొద్దున లేవడమే కష్టమైన హ్యారీ. యుద్ధం కోసం వచ్చినవారికి ఇది నెమ్మదిగా అనిపించవచ్చు, నాకూ మధ్యలో ఒకటి రెండు చోట్ల అనిపించింది. అయితే మీరు 2020లో తప్పుపట్టిన ఆ తొందరకు రచయిత ఒక పుస్తకం మొత్తం పెట్టి జవాబు చెప్పాడనే నాకు అనిపిస్తున్నది. ఆలస్యం మాత్రం అయిదేళ్ళ పైచిలుకు.

కోడలు గారి షరతు సంగతి ఏమయిందో నేను ఇక్కడ రాయను. వారు చదివి వచ్చి రాస్తారని ఎదురుచూస్తున్నాను.

వేసవిలో హైదరాబాద్ వస్తున్నాను, నా ప్రతిని సూట్‌కేసులో పెట్టుకుని వస్తాను. పాత పుస్తకాల్లో దొరికేదాకా మీరు ఆగనవసరం లేదు, దీనికి వెనుక అట్ట కూడా ఉంది.