కలరా టాక్సిన్ వేస్తే టీర్ పడింది, డెక్స్‌ట్రాన్ మాత్రం దాటలేదు. ఎందుకు?

ప్రశ్న (బెంగళూరు):
కాకో-2 కణాలు (పేగు గోడలా పొరగా పెరిగే మనిషి కణాలు), 12 గుంటల ప్లేటు, 0.4 మైక్రాన్ల ఇన్సర్టులు, 21వ రోజు. పైవైపు కలరా టాక్సిన్ మి.లీ.కు 1 మైక్రోగ్రాము వేశాం. నాలుగు గంటలకి టీర్ (కణాల పొర కరెంటుకి ఇచ్చే అడ్డు) నాలుగో వంతు పడిపోయింది. కానీ 4 కిలోడాల్టన్ల ఎఫ్‌ఐటీసీ డెక్స్‌ట్రాన్ (మెరిసే రంగు తగిలించిన పెద్ద చక్కెర అణువు) కింది గదిలోకి కంట్రోల్ కంటే ఎక్కువేమీ రాలేదు. టాక్సిన్ పాడైందా, డెక్స్‌ట్రాన్ పాతదా? సోమవారం గైడ్‌కి చూపించాలి.

జవాబు:
రెండూ బాగానే ఉన్నట్టున్నాయండీ. కలరా టాక్సిన్ గోడ పడగొట్టే రకం కాదు. దాని ‘ఎ’ అనే భాగం కణంలోకి చేరి, లోపల స్విచ్‌లా పనిచేసే జీఎస్ ఆల్ఫా ప్రొటీన్‌కి ఏడీపీ-రైబోజ్ తగిలిస్తుంది. ఇక అది ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగి, సీఎఫ్‌టీఆర్ ఛానళ్లు తెరుచుకుని క్లోరైడ్ బయటికి పోతుంది, వెనకే సోడియం, నీళ్లు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే బ్యాక్టీరియా లేని వడపోత ద్రవాన్నే కుందేలు పేగులోకి ఎక్కించి చూపించింది ఈ నీళ్లు చేరడాన్నే.

మీటరు కొలిచేది అయాన్లకున్న అడ్డు. అవి కణంలోంచి పోయాయా, కణాల మధ్య సందులోంచి పోయాయా అన్నది దానికి తెలియదు. డెక్స్‌ట్రాన్‌కి ఉన్న దారి ప్రధానంగా ఆ సందే. అది ఆగిందంటే ఆ సందుని మూసే కట్లు, అంటే టైట్ జంక్షన్లు, నిలబడ్డాయనే అనుకోవచ్చు. ఒక ఇన్సర్టులో 10 మైక్రోమోలార్ ఫోర్‌స్కోలిన్ (టాక్సిన్ లేకుండానే సైక్లిక్ ఏఎంపీని పెంచే పదార్థం) వేసి చూడండి, అదే తీరు వస్తే సంగతి తేలిపోయినట్టే.

అయితే పాజిటివ్ కంట్రోల్ లేకుండా ‘దాటలేదు’ అంటే గైడ్ ఒప్పుకోరు. ఈజీటీఏ పెట్టండి, అది కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం లేకపోతే జంక్షన్లు నిలవవు. చాలామంది మీడియంలోనే 1 మిల్లీమోలార్ కలిపి ‘పనిచెయ్యలేదు’ అంటారు. డీఎంఈఎం మీడియంలో కాల్షియమే 1.8 మిల్లీమోలార్ ఉంటే ఈజీటీఏ ఇంకేం మిగులుతుంది? కాల్షియం, మెగ్నీషియం లేని హెచ్‌బీఎస్‌ఎస్ ఉప్పు ద్రావణంతో రెండు వైపులా కడిగి, అందులోనే 2 మిల్లీమోలార్ వెయ్యండి. టీర్ కూలాలి, డెక్స్‌ట్రాన్ దాటాలి.

మరో జవాబు:
అంతకంటే ముందు ఆ పడటం నిజమో కాదో చూడండి. బెంగళూరు చలికాలం, పైగా ల్యాబ్‌లో ఏసీ. ఇంక్యుబేటర్‌లోంచి తీసిన ప్లేటు నిమిషాల్లో చల్లబడుతుంది, చల్లబడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. టాక్సిన్ గుంటలు ముందు, కంట్రోళ్లు చివర చదివారా? అయితే కంట్రోళ్లు ఎక్కువ చూపించి, టాక్సిన్ దొంగ తగ్గుదల చూపిస్తుంది. ప్లేటుని గది ఉష్ణోగ్రతలో 20 నిమిషాలు ఉంచి, గుంటల వరస కలిపేసి మళ్లీ చదవండి.

లెక్క కూడా: కణాలు లేని ఇన్సర్టు విలువ తీసేసి, వైశాల్యంతో గుణించాలి, భాగించకూడదు. 450 ఓమ్‌లు వచ్చి ఖాళీది 150 ఉంటే, 300 × 1.12 = 336 ఓమ్ చ.సెం.మీ.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. వరస మీరన్నట్టే ఉంది, మళ్లీ చదువుతాను. జంక్షన్లని నిజంగా తెరిచేది కావాలంటే ఏది వాడాలి?

మొదటి జవాబిచ్చినవారు:
సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా చేసే టాక్సిన్ ఎ, బి. ఇవి రో, ర్యాక్ (Rac), సీడీసీ42 ప్రొటీన్లకి గ్లూకోజ్ అంటించి పని ఆపేస్తాయి. వాటి అదుపు తప్పితే కణం లోపలి ఆక్టిన్ చట్రం కుంగి, దానికి కట్టుకున్న జంక్షన్లు వదులవుతాయి. సి. పర్‌ఫ్రింజెన్స్ ఎంటెరోటాక్సిన్ నేరుగా జంక్షన్లలోని ప్రొటీన్లు క్లాడిన్-3, -4లని పట్టుకుని పొరలో రంధ్రాలు చేస్తుంది. బి. ఫ్రాజిలిస్ టాక్సిన్ పక్కపక్క కణాల్ని అతికించే ఇ-కాడెరిన్ ప్రొటీన్‌ని కోసేస్తుంది. ఇ-కాడెరిన్ కణం పక్కగోడల మీద ఉంటుంది కనుక పైనుంచి వేసి ‘ఏమీ లేదు’ అనకండి. ఏ టాక్సిన్‌కైనా రెండు వైపులా విడివిడిగా వేసి చూడటం మంచిది.

మోతాదు ముందే ఇంత అని చెప్పలేం, లాటు లాటుకీ బలం మారుతుంది. మి.లీ.కు 1, 10, 100 నానోగ్రాములతో మొదలుపెట్టండి, సీరం లేని మీడియంలో. ఒకసారి కరిగించిన గొట్టాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు, ముందే చిన్న భాగాలుగా పంచుకోండి. వేడిచేసి చంపిన టాక్సిన్ ఒక గుంటలో తప్పనిసరి. చివరగా ఎల్‌డీహెచ్ (చచ్చే కణాల నుంచి బయటికి కారే ఎంజైమ్) చూడండి. ఎల్‌డీహెచ్ పెరిగి టీర్ పడితే జంక్షన్లు తెరుచుకోవడం కాదు, కణాలే చస్తున్నాయి. పర్‌ఫ్రింజెన్స్‌తో ఇది మరీ ఎక్కువ.