దీపావళి వేడుక, కోపెన్‌హాగన్: వెలుగు గది పనులు ఇక్కడ మాట్లాడుకుందాం

సామాను బాధ్యత (విజయవాడ నుంచి):
అందరికీ నమస్కారం. సెలవు మీద విజయవాడలో ఉన్నాను కాబట్టి వెలుగు నీడల ఆటలు పెట్టే మన వెలుగు గదికి కావాల్సినవి నేనే కొంటాను. కొనేముందు ఒక మాట. కిందటి మీటింగులో లేజర్ షో అద్దెకు తీసుకుందామని కొందరన్నారు. నాకు అది ఇష్టం లేదు. మెరిసే స్క్రీన్లు పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు. మన వంటింటి సామాను, ఒక్క దీపం పెట్టి, కన్ను ఎలా చూస్తుందో వాళ్ళే కనిపెట్టేలా చేద్దాం.

మీ కోపెన్‌హాగన్‌లోనే 1967లో పుట్టిన కళాకారుడు ఒలాఫుర్ ఎలియాసన్ పని చూడండి. 1993లో ఆయన చేసిన 'బ్యూటీ'లో ఉన్నది చీకటి గది, సన్నటి నీటి తుంపర, ఒక దీపం. అంతే. అందులో హరివిల్లు కనిపిస్తుంది, పక్కకు జరిగితే మాయమవుతుంది. పక్కన నిలబడ్డ మనిషికి కనిపించేది మనం చూసే హరివిల్లు కాదు. 2003లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో ఆయన పెట్టిన సూర్యుడు నిజానికి అర్ధవృత్తమే. పైకప్పుకి కట్టిన అద్దంలో మిగతా సగం పూర్తయింది. జనం నేలమీద పడుకుని, పైన అద్దంలో తమను తాము వెతుక్కున్నారు. మనకు అంత హాలూ డబ్బూ లేవు. ఆ ఆలోచన ఒక్కటి తీసుకుంటే చాలు.

నిన్న రాత్రి మా అమ్మ బూందీ గరిటె తీసుకుని, కరెంటు ఆపేసి, ఫోన్ టార్చ్‌తో గోడమీద చూశాను. గరిటెను టార్చ్ దగ్గరికి తెస్తే చుక్కలు గోడంతా పరుచుకున్నాయి. గోడ దగ్గరికి జరిపితే చిన్నవై ఒకచోట చేరాయి. ట్యూబ్‌లైట్ కింద పెడితే మాత్రం ఉత్త మసక. వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా వస్తుంది. అందుకే పాలరంగు బల్బులు ఎవరూ కొనకండి. రేపు వన్‌టౌన్ వెళ్ళి జల్లెడలు, బూందీ గరిటెలు, చిల్లుల గిన్నెలు తెస్తాను.

హాలు బాధ్యత:
తమ్ముడూ, నాకు నచ్చింది. పొగ మిషన్ లాంటివి మాత్రం వద్దు, అలారం మోగితే హాలంతా ఖాళీ చేయాలి. నేల చెక్కది, కాబట్టి నీటి తుంపర కూడా కుదరదు. హోల్డర్లు, వైర్లు అక్కడ కొనకు. వోల్టేజ్ 230 ఒకటే అయినా మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడ పట్టదు. ఇక్కడే తీసుకుంటాను.

పిల్లల బాధ్యత:
అన్నయ్యా, తుంపర లేకపోతే రంగు నీడలు పెడదాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడూ ఒకే తెల్లగోడ మీద పడితే గోడ తెల్లగానే ఉంటుంది. మధ్యలో చెయ్యి పెడితే మూడు నీడలు మూడు రంగుల్లో వస్తాయి. ఎరుపు ఆగినచోట నీలాకుపచ్చ, ఆకుపచ్చ ఆగినచోట ముదురు గులాబీ, నీలం ఆగినచోట పసుపు. మా స్కూల్లో చూశాను, పిల్లలు కదిలితే ఒట్టు.
పెద్దవాళ్ళ సంగతి ఎవరైనా ఆలోచించారా? వెలుగులోంచి ఒక్కసారిగా చీకట్లోకి వస్తే కళ్ళు సర్దుకోవడానికి టైం పడుతుంది. గుమ్మం దగ్గర రెండు తెరలు, మధ్యలో కాస్త మసక వెలుగు, కుర్చీలు ఉండాలి. ఒకసారికి ఎనిమిది మంది చాలు.

సామాను బాధ్యత:
అక్కా, రెండూ ఖాయం. ఇంకొకటి చేర్చుతున్నాను. ఎలియాసన్ 1997లో గదినిండా ఒకే తరంగదైర్ఘ్యం, అంటే వేరే రంగేదీ కలవని పసుపు వెలుగిచ్చే సోడియం దీపాలు పెట్టారు. ఆ వెలుగులో రంగులన్నీ చచ్చిపోయి, మనుషులు కూడా బూడిద ఛాయల్లో కనిపిస్తారు. ఆ పాత సోడియం దీపాలు ఇప్పుడు దొరకడం కష్టం. సుమారు 590 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అంబర్ (నారింజ పసుపు) ఎల్‌ఈడీలతో దాదాపు అదే వస్తుంది. గుంటూరు వెళ్ళేదారిలో మంగళగిరిలో ఆగి ఎర్రంచు ఆకుపచ్చ చీర ఒకటి తెస్తాను. అంబర్ కింద అంచేదో ఒళ్ళేదో తెలియకూడదు, పక్కనున్న మామూలు దీపం వెలగగానే రంగులు తిరిగి రావాలి. స్విచ్ పిల్లల చేతికే ఇద్దాం.

అన్నయ్యా, అంబర్ దీపాలు నాలుగు అక్కడే ఆర్డర్ పెట్టండి. ఈ ఆదివారంలోపు గది కొలతలు, గోడ రంగు చెప్పండి. గోడ తెల్లగా లేకపోతే తెల్లబట్ట ఇక్కడే కొనుక్కొస్తాను.